డెస్క్‌టాప్‌కు చిన్న వైఫై అడాప్టర్: లోపం ఎక్కడుందంటే

గంటకోసారి తెగిపోయే వైఫైతో విసిగి, డెస్క్‌టాప్‌కు గోరంత యూఎస్‌బీ అడాప్టర్ కొన్నాను. మొదటి వారం దానిదీ అదే తంతు. దాన్ని డెస్క్‌టాప్ ఇనుప డబ్బా వెనుక గోడవైపు ఇరికించడమే కాక, పక్కనున్న యూఎస్‌బీ 3.0 పోర్టుకు హార్డ్‌డిస్క్ తగిలించడం నా పొరపాటు. ఆ డిస్క్ పనిచేస్తున్నంతసేపూ వెలువడే రేడియో రొద వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని దెబ్బతీస్తుంది. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అడాప్టర్‌ను బల్లపైకి తెచ్చాక రెండు గీతల సిగ్నల్ నాలుగైంది. రౌటర్ అదే గదిలో ఉంది కనుక, తక్కువ దూరమే అందినా ఈ రొద బెడద లేని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కూడా మారాను. అయినా కాసేపు వదిలేస్తే కనెక్షన్ పోయేది. విండోస్ డివైస్ మేనేజర్‌లో, విద్యుత్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపివేయవచ్చనే గడిలోని టిక్కు తీసేశాక ఆ బెడదా తీరింది. పనితీరు బాగుంది, కానీ ఆ కేబుల్‌ను అడాప్టర్‌తో పాటే ఇవ్వకపోవడం తయారీదారు పిసినారితనమే.