బ్లూబెల్స్: ఎండు గడ్డలా, ఆకులున్న మొక్కలా?

ఏప్రిల్ చివర్లో అడవుల్లో బ్లూబెల్స్ (గంటల్లాంటి నీలి పూలు) పూసిన ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవగానే, ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "వెనక గార్డెన్‌లో చెట్టు నీడన ఏమీ రావడం లేదు. బ్లూబెల్స్ వేద్దామంటే సెప్టెంబరులో గడ్డలు కొనాలా, వసంతంలో ఆకులతో అమ్మే మొక్కలు కొనాలా?" ఆకులతో ఉన్నవాటిని ఇక్కడ 'ఇన్ ద గ్రీన్' అంటారు. రెండూ వేసి చూశాను, రెండూ వస్తాయి. కానీ ఇప్పుడు నేను కొనేది ఆకులున్నవే.

కారణం గడ్డలోనే ఉంది. ఉల్లిపాయ మీద ఎండు పొరలు ఉన్నంతకాలం బుట్టలో నెలల తరబడి నిలవ ఉంటుంది. తులిప్, డాఫోడిల్ గడ్డలకూ అలాంటి గోధుమరంగు పొర ఉంటుంది. బ్లూబెల్ గడ్డకు అది లేదు. ఒలిచిన చిన్న ఉల్లిపాయలా తెల్లగా ఉంటుంది. ఒలిచిన ఉల్లిపాయను గట్టు మీద వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. వేసవిలో తవ్విన గడ్డ వెచ్చటి షాపులో, వల సంచిలో వారాల తరబడి వేలాడితే దానికీ అదే గతి. నేను మొదటిసారి అలాంటి సంచి కొని 25 గడ్డలు పాతాను. తొమ్మిదే మొలిచాయి. నీడదో మట్టిదో తప్పనుకుని ఏడాదంతా బాధపడ్డాను. తర్వాతి మార్చిలో అదే చోట, అదే మట్టిలో ఆకులున్నవి 25 నాటితే దాదాపు అన్నీ నిలిచాయి.

ఆకులున్నవి నర్సరీలో తవ్విన వెంటనే తడి కాగితంలో చుట్టి పంపుతారు, ఆరిపోయే సమయం ఉండదు. ఇంటికి రాగానే, మరీ ఆలస్యమైతే మర్నాటికైనా నాటేయాలి. కాడ కింద తెల్లగా ఉన్న భాగం ఇదివరకు మట్టిలో ఉన్న లోతుకు గుర్తు. అంతవరకు పూడ్చి నీళ్లు పోయండి. వారంలో ఆకులు వాలిపోయి పసుపు రంగుకు తిరుగుతాయి, ఆ వసంతంలో పూలు రాకపోవచ్చు. టెన్షన్ పడకండి. ఆకులను మాత్రం కోయొద్దు. వచ్చే ఏటి పూలకు కావలసిన ఆహారాన్ని గడ్డలో దాచేది అవే. అడవుల్లో దారి దిగి ఆకులు తొక్కొద్దని బోర్డులు పెట్టేదీ ఇందుకే.

ఇంకో లాభం, ఆకును స్కేలుతో కొలిచి మొక్క దేశవాళీదో స్పానిష్ రకమో తెలుసుకోవచ్చు. ఇక్కడి దేశవాళీ బ్లూబెల్ ఆకు వెడల్పు ఒక సెంటీమీటరు, ఒకటిన్నర దాకా ఉంటుంది. స్పానిష్ రకానిది మూడు దాకా పోతుంది. గడ్డ చూసి ఈ తేడా చెప్పడం కష్టం.

అయితే వందల్లో వేయాలనుకుంటే ఖర్చు దృష్ట్యా గడ్డలే నయం. వల సంచుల జోలికి పోకుండా, సొంతంగా పెంచి, తేమ పోకుండా ప్యాక్ చేసి పంపే నర్సరీలో తీసుకోండి. చేతిలోకి తీసుకుంటే గట్టిగా, బరువుగా తగలాలి. వచ్చిన రోజే 10 సెంటీమీటర్ల లోతున, అంతే ఎడంతో పాతేయండి. అడవిలో తవ్వుకొచ్చే ఆలోచన మాత్రం వద్దు. స్థలం యజమాని అనుమతి లేకుండా పెకలించడం బ్రిటన్‌లో 1981 వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం. 1998 నుంచి అడవి గడ్డలను అమ్మడం యజమానికి కూడా నిషేధం.

విత్తనాలు చౌకే, కానీ పూత చూడటానికి ఐదేళ్లు పట్టొచ్చు. స్పానిష్ రకం ఎక్కడైనా బతుకుతుంది, అయితే దేశవాళీతో సులువుగా కలిసి సంకరమైపోతుంది. దగ్గర్లో అడవి ఉన్నవాళ్లు దయచేసి వేయకండి. ప్రపంచంలోని బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉన్నాయి. దేశవాళీ కాడ పైన వంగి, పూలు ఒక పక్కకే వేలాడతాయి, పుప్పొడి మీగడ రంగులో ఉంటుంది, మంచి వాసన వస్తుంది. స్పానిష్ కాడ నిటారుగా నిలుస్తుంది, పూలు చుట్టూ ఉంటాయి, వాసన అంతంతమాత్రం.

నీడ గురించి ఒక మాట. ఓక్, హేజెల్ లాగా చలికాలంలో ఆకు రాల్చే చెట్టు కింద చోటు ఉత్తమం. కొమ్మలు చిగురించేలోపు పడే ఎండతోనే బ్లూబెల్స్ పని ముగించుకుంటాయి. ఏడాది పొడవునా చీకటిగా ఉండే కోనిఫర్ల (పైన్ లాంటి సూది ఆకుల చెట్ల) కింద ఏ పద్ధతిలో వేసినా డబ్బు దండగ.

పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇంకొకటి చూసుకోండి. బ్లూబెల్ మొక్కంతా విషమే, గడ్డేమో ఉల్లిలా కనిపిస్తుంది. కూరగాయల మడి పక్కన పెట్టకండి. మా ఇంట్లో ఉల్లికాడల కుండీ వంటగది తలుపు దగ్గర ఉంటుంది, బ్లూబెల్స్ కంచె చివర హేజెల్ కింద.