గ్రోవ్ స్ట్రీట్: ఏళ్ల తరబడి తిరిగాక

2004లో వచ్చిన వీడియో గేమ్ 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్'లో మూడు నగరాలున్నాయి, ఎడారి ఉంది, చిలియాడ్ కొండ ఉంది. అయినా పనేమీ లేకుండా నేను వెళ్లి తిరిగేది లాస్ సాంటోస్ నగరంలోని గాంటన్ పేటలోనే. లాస్ ఏంజెలెస్ దగ్గరి కాంప్టన్ దీనికి నమూనా. కథాకాలం 1992.

చూడ్డానికి అందమేమీ లేదు. వెలిసిన ఇళ్లు, గోడల నిండా ముఠాల రాతలు. ఈ పేటలోని గ్రోవ్ స్ట్రీట్ చివరికెళ్లి గుండ్రంగా ఆగిపోతుంది. మనం ఆడే కథానాయకుడు సీజే ఇల్లు, అతని అన్న స్వీట్ ఇల్లు, స్నేహితుడు రైడర్ ఇల్లు అన్నీ అక్కడే. జిమ్ము, బట్టల కొట్టు నడిచిపోయేంత దూరం. పక్కనున్న ఐడిల్‌వుడ్‌లో అడుగుపెడితే ఊదారంగు చొక్కాల శత్రు ముఠా బల్లాస్ ఎదురవుతుంది. పటం తెరవకుండా మనుషుల చొక్కాలను బట్టి ఎక్కడున్నామో తెలిసిపోతుంది. సీజే లావెక్కితే దారినపోయేవాళ్లు మొహమాటం లేకుండా వెక్కిరిస్తారు. పేటకు సగం ప్రాణం ఆ నోటి దురుసుతనమే.

మన ఊళ్ల నెట్ సెంటర్లలో ఈ ఆట ఆడినవాళ్లలో చాలామంది చీట్ కోడ్ (అడ్డదారి మీటలు) కొట్టి, వీపుకు తగిలించుకుని ఎగిరే జెట్‌ప్యాక్‌తో వీధి దాటి ఎగిరిపోయినవాళ్లే. అసలు ఘట్టం వాళ్లకు అందనే లేదు. కథ చివర్లో జైలు నుంచి వచ్చిన స్వీట్‌ను సీజే తన భవంతికి తీసుకెళ్తానంటాడు. స్వీట్ ససేమిరా అంటాడు, మన వీధికే పోదామంటాడు. తీరా వెళ్తే వీధి బల్లాస్ చేతిలో ఉంటుంది, తెలిసిన ముఖాలు మత్తులో తూలుతుంటాయి. క్యాసినోలో వాటా, సొంత విమానాశ్రయం సంపాదించుకున్న ఆటగాణ్ని మళ్లీ ఈ నాలుగు ఇళ్ల కోసం కొట్లాడమనడానికి గుండె కావాలి. ఆటలోని క్యాసినో దోపిడీ కన్నా నాకు ఇదే పెద్ద మిషన్.

విసిగించేది ముఠాయుద్ధం. ఎక్కడో వేరే పనిలో ఉండగా మన పేట మీద దాడి అని కబురొస్తుంది. పరుగెత్తుకురాకపోతే పేట చేజారుతుంది. వీధిలో చాలా తలుపులు తెరుచుకోవు, ఆడవాళ్లకు ఇక్కడ పెద్దగా పాత్ర లేదు.

2021లో వచ్చిన కొత్త కూర్పులో దూరాన్ని కప్పే మసక లేకపోవడంతో నగరం ఒక్కసారిగా చిన్నదైపోయింది. ఆ మసకే లేకపోతే గాంటన్ సాయంత్రాలకు పొగ, ఎండ కలిసిన ఆ నారింజ రంగు ఎక్కడిది? 2024 నవంబరు అప్‌డేట్‌లో పాత వెలుతురును ఎంచుకునే వీలు కల్పించారు. కొత్తగా ఆడేవాళ్లు ముందు సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని పెట్టుకోండి.