కాకినాడ షెడ్డులో పాత ఫైబర్ బోటు మరమ్మతు: ఖర్చుకు తగ్గ పని

పాత ఫైబర్ బోటును అయినకాడికి అమ్మి, అప్పు చేసి కొత్తది కొనాలా, ఉన్నదాన్నే బాగు చేయించుకోవాలా అని తర్జనభర్జన పడుతున్నవారికి కాకినాడలో జగన్నాథపురం వైపు ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఒక చిన్న మరమ్మతు షెడ్డును నిస్సంకోచంగా సిఫారసు చేస్తున్నాను. దానికి పేరు రాసిన బోర్డు లేదు. చుట్టుపక్కలవారంతా మేస్త్రి గారి షెడ్డు అనే అంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో అమలయ్యే 61 రోజుల వేట నిషేధ కాలంలో మా బోటును అక్కడ అప్పగించాము. వెనక 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (బోటు బయటి వైపు బిగించే) ఇంజన్ ఉన్న ఈ బోటు కొంతకాలంగా వేగం తగ్గి, పూర్తి బరువుతో వెళ్లినప్పుడు వెనక భాగం వణుకుతూ ఉండేది. ఇంజన్ పని అయిపోయిందని, కొత్తది తప్పదని ఇంట్లో అందరం అనుకున్నాము.

మేస్త్రి గారు ఇంజన్ మూత కూడా తీయలేదు. చిన్న సుత్తి తీసుకుని, ఇంజన్ బిగించే వెనక పలకను ఒక మూల నుంచి మరో మూల వరకు మెల్లగా తట్టుకుంటూ వెళ్లారు. అంచుల దగ్గర ఖంగుమన్న పలక, బోల్టులున్న చోటికి వచ్చేసరికి మెత్తగా, బొంగురుగా మోగింది. లోపలి వైపు నుంచి సన్నని డ్రిల్లుతో ఒక రంధ్రం చేస్తే, పొడి పొట్టు రావలసిన చోట నల్లటి తడి ముద్ద వచ్చింది. దాన్ని వేళ్ల మధ్య నొక్కితే నీరు కారింది. "బాబూ, కొత్త ఇంజన్ పెడితే వేగం వస్తుంది. ఆ వేగానికి ఈ పలక ఇంజన్‌తో సహా ఊడిపోతుంది. ముందు దీని సంగతి చూద్దాం" అన్నారు. బోల్టు రంధ్రాల చుట్టూ నీరు దిగకుండా పూసే సీలెంట్ ఎండి పగిలినప్పుడు ఉప్పునీరు ఫైబర్ పొరల మధ్య ఉన్న ప్లైవుడ్‌లోకి దిగి, బయటికి ఏమీ కనిపించకుండానే లోపల కుళ్లబెడుతుంది. పాత బోటు కొనేవారు రంగు చూసి మోసపోకుండా ఈ పలకను తట్టి చూడడం చాలా అవసరం.

ఆ షెడ్డు పనితనం తెలిసేది ఇక్కడే. బయటి పొరను కదపకుండా లోపలి పొరను మాత్రమే కోసి, కుళ్లిన చెక్కనంతా తొలగించి, మిగిలిన భాగాన్ని పూర్తిగా ఆరనిచ్చి, ఐ.ఎస్. 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌ను ఎపాక్సీ జిగురుతో అతికించారు. ఆ తరువాత కొత్త ఫైబర్ పొరలు వేసే ముందు పాత అంచును, దాని మందానికి సుమారు పన్నెండు రెట్ల వెడల్పున, ఏటవాలుగా గ్రైండ్ చేశారు. అంటే 5 మిల్లీమీటర్ల మందానికి 60 మిల్లీమీటర్ల వాలు అన్నమాట. గట్టిపడిన పాత ఫైబర్‌తో కొత్త పొరలకు పట్టించే పాలిస్టర్ రెసిన్ (గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) రసాయనికంగా కలిసిపోదు, గరుకు ఉపరితలాన్ని పట్టుకుని నిలుస్తుంది. అందుకే పైపైన రుద్ది అంటించిన అతుకు ఒకటి రెండు సీజన్లలోనే పెచ్చులా లేస్తుంది. మే నెల ఎండకు రెసిన్ డబ్బాలోనే గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే పని మొదలుపెట్టి, రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్‌ను కాటాలో తూచి ఒక శాతం దగ్గరే ఉంచారు. హార్డెనర్‌ను, గట్టిపడడాన్ని వేగవంతం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను వేర్వేరు అలమరాల్లో పెట్టడం చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుడు జరుగుతుంది. ఇంటి దగ్గర సొంతంగా ఫైబర్ పని చేసుకునేవారు ఈ విషయం తప్పక గుర్తుంచుకోవాలి.

ఇంజన్‌కు అయిన ఖర్చు తక్కువే. ఇంజన్‌ను చల్లబరిచే నీటి పంపులోని ఇంపెల్లర్ (రెక్కల చక్రం) మార్చి, కార్బురేటర్ శుభ్రం చేశారు. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడి ఉండడంతో, లోపలికి నీరు చేరుతున్నదని గ్రహించి సీళ్లు కూడా మార్చారు. ఇంజన్ లోహానికి బదులు తానే అరిగి దాన్ని కాపాడే జింక్ ముక్క అరిగిపోవడంతో దాని స్థానంలో కొత్తది బిగించి, దాని మీద రంగు పడకుండా చూసుకోమని చెప్పారు. రంగు పడితే జింక్ పని చేయదు, ఉప్పునీరు నీటిలో మునిగి ఉండే ఇంజన్ కాలు లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. చివరగా పూర్తి బరువుతో నడిపి చూస్తే ఇంజన్ మాన్యువల్‌లో ఇచ్చిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అందుకోలేదు. పిచ్ (ఒక చుట్టుకు ముందుకు నెట్టే దూరం) ఒక అంగుళం తక్కువున్న ప్రొపెల్లర్ వేయగానే సుమారు రెండు వందల ఆర్‌పీఎం పెరిగింది.

నీటిలో చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ పెట్టించాలని నాకు ఆశ ఉండేది. ఆ డబ్బుతో కళాయి పూసిన రాగి వైర్లు, ఒక్కో లైనుకు విడిగా ఫ్యూజులు, ఎల్ఈడీ దీపాలు, ఇంధనంలో నీటిని వేరుచేసే ఫిల్టరు వేయించమని ఆయన సలహా ఇచ్చారు. ఇప్పుడు ఆలోచిస్తే అదే సరైన క్రమం. ఇస్రో రూపొందించిన, ఉపగ్రహం ద్వారా బోటుకూ ఒడ్డుకూ మధ్య సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్లను ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద అప్పట్లో ఉచితంగా అమరుస్తుండడంతో దానికి స్థలం మాత్రం వదిలారు. మొత్తం ఖర్చు కొత్త ఇంజన్ ఒక్కదానికి అడిగిన ధరలో సగానికి లోపే తేలింది. వణుకు పూర్తిగా పోయింది.

లోపాలూ ఉన్నాయి. నిషేధ కాలంలో బోట్లన్నీ ఒకేసారి వచ్చి పడడంతో చెప్పిన గడువు దాటింది. జెల్‌కోట్ (ఫైబర్ మీది పైపూత) రంగు పాత రంగుతో కలవలేదు. వివరాలతో కూడిన బిల్లు ఇవ్వరు కాబట్టి బ్యాంకు రుణానికో బీమాకో కాగితాలు కావలసినవారికి ఇబ్బంది. సామగ్రిని మనమే కొని ఇవ్వడానికి మాత్రం ఆయన అభ్యంతరం చెప్పరు, అందువల్ల రశీదులు మన దగ్గరే ఉంటాయి. అడుగు భాగంలో పొడవునా బలం కోసం ఉండే దిమ్మెలు విరిగిన బోటును ఆయన తీసుకోరు, బాగు చేయించినా డబ్బు దండుగని మొహమాటం లేకుండా చెప్పేస్తారు.

మార్చిలోనే వెళ్లి మాట్లాడుకోవడం మంచిది. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్‌ను మంచినీటితో కడిగి, లోపలి వలలూ ఐసు పెట్టెలూ దించి బోటు తీసుకెళ్తే ఆ మేరకు కూలి తగ్గిస్తారు.