చివర తెలిసినా మళ్ళీ చదివించే ఫాంటసీలు

ఫాంటసీ నవలలకు నేను పెట్టే పరీక్ష ఒకటే. చివర ఏమవుతుందో తెలిశాక కూడా మళ్ళీ మొదటి పేజీ తెరవాలనిపించాలి. రాముడు గెలుస్తాడని తెలిసే కదా రామాయణం వింటాం, ఈ మాత్రం ఆశిస్తే తప్పేం లేదు. ఏళ్ళ తరబడి చదువుతూ వచ్చినవాటిలో ఈ పరీక్షకు నిలిచినవి తక్కువే. మొదటిసారి రాత్రంతా నిద్రపోనివ్వని కొన్ని సిరీస్‌లు రెండోసారికి మొదటి అధ్యాయాలు కూడా దాటనివ్వలేదు. వాటి గురించి ఇక్కడ రాయను.

అన్నిటికంటే ముందు చెప్పేది ఉర్సులా కె. లే గ్విన్ రాసిన ఎర్త్‌సీ నవలలు. మొదటిది ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’, 1968లో వచ్చింది. సన్నటి పుస్తకం. మేకలు కాసుకునే గెడ్ అనే కుర్రాడు మంత్రవిద్య నేర్చుకోవడానికి వెళ్ళి, తోటి విద్యార్థి ముందు గొప్ప చూపించుకోవాలన్న పంతంతో చనిపోయిన మనిషి ఆత్మను పిలుస్తాడు. ఆ తెరుచుకున్న సందులోంచి ఒక నీడ కూడా ఈ లోకంలోకి జొరబడుతుంది. ఇక కథంతా ఆ నీడతోనే. రాక్షస సైన్యాలు లేవు, సింహాసనం కోసం పోట్లాట లేదు. దేని అసలు పేరు తెలిస్తే దానిమీద పట్టు దొరుకుతుందన్న ఒక్క నియమం మీద ఆ లోకం మొత్తం నడుస్తుంది. గెడ్‌ది రాగి రంగు ఒళ్ళు. తెల్లటివాళ్ళు ఆ కథలో పడవల్లో వచ్చి ఊళ్ళు తగలబెట్టే పరాయివాళ్ళు. ఆ రోజుల ఫాంటసీలో ఇది అరుదైన సంగతి.

రెండోది, ‘ది టూంబ్స్ ఆఫ్ ఆటువాన్’, నాకు ఇంకా ఇష్టం. చిన్నప్పుడే ఇంట్లోంచి తీసుకొచ్చి, పేరు కూడా లాగేసుకుని, చీకటి శక్తులకు పూజారిణిని చేసిన టెనార్ కథ ఇది. సమాధుల కింద దీపం వెలిగించడం నిషేధం. గోడలు తడుముకుంటూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ ఆ పిల్ల నడుస్తుంటే మనకు ఊపిరాడదు. గెడ్ వస్తాడు కానీ చాలా ఆలస్యంగా వస్తాడు. నాలుగోది ‘టెహాను’, మూడో నవల వచ్చిన 18 ఏళ్ళకు 1990లో వచ్చింది. అందులో గెడ్ దగ్గర శక్తులేమీ మిగల్లేదు. టెనార్ నడివయసు వితంతువు, ఒళ్ళు కాలిన ఒక చిన్నపిల్లను పెంచుకుంటోంది. ఇంట్లో గిన్నెలు ఎవరు కడగాలన్న గొడవ కూడా ఇందులో కథే. సాహసాల కోసం వచ్చినవాళ్ళకు విసుగు పుడుతుంది, అది వాళ్ళ తప్పు కాదు. నాకు మాత్రం వయసు పెరిగేకొద్దీ వీటన్నిటిలో ఇదే దగ్గరవుతోంది.

రాబిన్ హాబ్‌ను సూచించే ముందు ఒక మాట: ఈమె పాత్రలను ఏడిపిస్తుంది, మనల్నీ వదలదు. 1995 నాటి ‘అసాసిన్స్ అప్రెంటిస్’తో మొదలై 2017 దాకా 16 నవలలు. యువరాజుకు పెళ్ళి కాకుండా పుట్టిన ఫిట్జ్‌ని రాజకోటలోనే రహస్యంగా హంతకుడిగా తయారుచేస్తారు. జంతువులతో మనసు కలిపే శక్తి అతనికి పుట్టుకతోనే ఉంది, అది బయటపడితే ప్రాణం తీసేస్తారు. నైట్ఐస్ అనే తోడేలుతో అతని స్నేహం గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండోసారి చదివితే, ఇదంతా చెబుతున్న పెద్ద ఫిట్జ్ ఎక్కడెక్కడ తనను తాను మోసం చేసుకుంటున్నాడో తెలిసిపోతుంది. మొదటిసారి ఆ ధ్యాసే ఉండదు. మూడో భాగంలో నడక, నడక, నడక. ఓపిక పట్టాలి. ఆ తర్వాత వచ్చే లైవ్‌షిప్ ట్రేడర్స్ మూడు భాగాల్లో ఫిట్జ్ కథ సాగదని చాలామంది వాటిని దాటేస్తారు. అలా చేయొద్దు. ఒకే కుటుంబంలో మూడు తరాలవాళ్ళు డెక్ మీద చనిపోతే ప్రాణం పోసుకుని మాట్లాడే ఓడలు అందులో ఉన్నాయి. ఆ ఓడల గుట్టు తెలియకపోతే తర్వాతి నవలల్లో సగం బరువు పోతుంది.

ఏడుపు చాలనుకుంటే టెర్రీ ప్రాచెట్. నాలుగు ఏనుగులు, వాటి కింద పెద్ద తాబేలు, పైన పళ్ళెంలాంటి ప్రపంచం. దిగ్గజాలూ కూర్మమూ తెలిసిన మనకు ఈ భూగోళ శాస్త్రం వివరించక్కర్లేదు. డిస్క్‌వరల్డ్ నవలలు మొత్తం 41, 1983 నుంచి 2015 దాకా. దేనికది విడిగా చదువుకోవచ్చు, కాబట్టి అంకె చూసి హడలిపోవద్దు. మొదటి నవలతో మాత్రం మొదలుపెట్టకండి, అప్పటికి ఆయన చెయ్యి ఇంకా కుదురుకోలేదు. ‘గార్డ్స్! గార్డ్స్!’ పట్టుకోండి, లేదా మృత్యువు ఒక కుర్రాణ్ణి పనిలోకి తీసుకునే ‘మోర్ట్’. యముణ్ణి చూసి నవ్వుకోవడం మనకు అలవాటే. నవ్వుల మధ్యలో ఉన్నట్టుండి గట్టి మాట ఒకటి తగులుతుంది. ‘మెన్ అట్ ఆర్మ్స్’లో కెప్టెన్ వైమ్స్ వేసే బూట్ల లెక్క అలాంటిదే. డబ్బున్నవాడు ఒక్కసారి మంచి బూట్లు కొని ఏళ్ళపాటు తొడుక్కుంటాడు, లేనివాడు చవక బూట్లు మళ్ళీ మళ్ళీ కొని అంతకంటే ఎక్కువ ఖర్చుపెడతాడు, అయినా పాదాలు తడుస్తూనే ఉంటాయి.

టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ గురించి కొత్తగా చెప్పేదేముంది. ఏడు సముద్రాల అవతల చిలుకలో మాంత్రికుడి ప్రాణం ఉన్నట్టే, అందులోని దుష్టుడు సౌరాన్ బలం చాలావరకు ఒక ఉంగరంలో ఉంది. ఎవరు దాన్ని వాడుకోవాలని చూసినా వాళ్ళే చెడతారు. మొదట్లో పాటలూ విందులూ నెమ్మదిగా సాగుతాయి, అక్కడ పుస్తకం మూసేయకండి.

‘ది వీల్ ఆఫ్ టైమ్’ అడిగిన ప్రతివాళ్ళకూ చెప్పను. 14 పెద్ద సంపుటాలు. రాబర్ట్ జోర్డాన్ 2007లో చనిపోతే ఆఖరి మూడింటిని బ్రాండన్ శాండర్‌సన్ పూర్తిచేశాడు. మొదటి ఆరూ పరుగెత్తుతాయి. పదో భాగంలో, తొమ్మిదో దాని చివర జరిగిన సంఘటన చూసి ఎవరెవరు ఎలా ఉలిక్కిపడ్డారన్నదే వందల పేజీలు. నైనీవ్ అనే పాత్ర జడ ఎన్నిసార్లు లాగుకుంటుందో లెక్కపెట్టడం మానేశాను. ముగింపు బాగుంటుంది, కానీ అక్కడిదాకా చేరే తీరిక ఉందా అన్నది మీరే చూసుకోవాలి.

థ్రిల్లర్లు చదివే స్నేహితులు ఫాంటసీలోకి రావడానికి దారి అడిగితే శాండర్‌సన్‌దే ‘మిస్ట్‌బార్న్’ (2006) ఇస్తాను. లోహాలు మింగి కడుపులో మండించి శక్తి పుట్టిస్తారు. విసిరిన నాణేన్ని నెడితే అది ఎగిరిపోతుంది, తమకంటే బరువైనదాన్ని నెడితే తామే ఎగిరిపోతారు. లెక్క ఎక్కడా తప్పదు. వాక్యాలు మాత్రం సాదాసీదా.

దీనికి పూర్తిగా ఎదురు వైపున ఎన్.కె. జెమిసిన్ ‘ది ఫిఫ్త్ సీజన్’ ఉంది. ఈ సిరీస్ మూడు భాగాలకూ 2016, 2017, 2018ల్లో వరుసగా హ్యూగో అవార్డులొచ్చాయి. భూకంపాలను ఆపగలిగేవాళ్ళనే జనం అసహ్యించుకునే లోకం. కొడుకు శవం పక్కన కూర్చున్న తల్లి కథను ‘నువ్వు’ అంటూ మనతోనే మాట్లాడినట్టు చెబుతుంది. మొదట్లో తికమకగా ఉంటుంది. పూర్తయ్యాక వెనక్కి తిరిగి చదివితే, అంతా మొదటి నుంచీ మన కళ్ళముందే పెట్టిందని అర్థమవుతుంది.

సిరీస్‌లంటేనే భయపడేవాళ్ళకు సుసన్నా క్లార్క్ ‘పిరనేసి’ (2020). ఒకే పుస్తకం. అంతులేని గదులు, శిల్పాలు, కింది అంతస్తుల్లో సముద్రం, రోజూ డైరీ రాసుకునే ఒక అమాయకుడు. ఇంతకంటే ఏం చెప్పినా మీ సరదా పాడవుతుంది, వెనక అట్ట కూడా చదవకుండా మొదలుపెట్టండి.

ఇక ముగియనివి. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ సిరీస్ ఐదో భాగం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా లేదు. ప్యాట్రిక్ రోత్‌ఫస్ ‘ది నేమ్ ఆఫ్ ది విండ్’కు రెండో భాగం కూడా 2011లోనే వచ్చింది, మూడోదాని కోసం అందరం కూర్చునే ఉన్నాం. రోత్‌ఫస్ వాక్యం చాలా అందంగా ఉంటుంది, అందుకే కోపం ఎక్కువ. ముగింపు లేకపోతే నిద్రపట్టనివాళ్ళు వీటి జోలికి పోవద్దు. మనసు ఆగకపోతే మార్టిన్‌ని మూడో భాగం ‘ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్’ దాకా చదివి ఆపండి. పెద్ద లెక్కలు కొన్ని అక్కడ తేలిపోతాయి, నాలుగో దాంట్లోకి వెళ్తే మీకు ఇష్టమైన పాత్రల్లో సగం మంది కనిపించనే కనిపించరు.