తెలుగు ఫాంట్ల ప్యాక్ కొంటున్నారా? మాన్యువల్ ప్రింటుకిచ్చే ముందు ఇది చదవండి

నెల్లూరు, ఒంగోలు వైపు మిషన్లకో, మోటార్లకో, ప్యానెళ్లకో తెలుగులో బుక్‌లెట్ వేయించాలనుకునే వాళ్లకు ముందుగా చెబుతున్నా. "ప్రొఫెషనల్ తెలుగు ఫాంట్ ప్యాక్, వందకు పైగా ఫాంట్లు, లైఫ్‌టైమ్ లైసెన్స్, లేఅవుట్ కూడా మేమే చేసిస్తాం" అని వాట్సాప్‌లో ఒక కార్డు తిరుగుతోంది. దానికి డబ్బులు పంపబోతుంటే కాస్త ఆగండి. షాపు పేరు రాయడం లేదు, డబ్బు గొడవ ఇంకా తేలలేదు. కానీ ఈ రకం ప్యాకులు ఒక్కరే అమ్మడం లేదు కాబట్టి పేరుకన్నా వాళ్లు చేసే పని ఎట్లా ఉంటుందో తెలియడం ముఖ్యం.

నేను రొయ్యల చెరువుల ఏరేటర్లకు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) స్టార్టర్ ప్యానెళ్లు చేసే ఒక చిన్న యూనిట్‌కు బుక్‌లెట్లు రాస్తుంటాను. అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు, ఇటు ఒంగోలు దాకా వెళ్తాయి ఆ ప్యానెళ్లు. వీటిని ఆఫీసులో కూర్చుని తీరిగ్గా చదివేవాళ్లు ఎవరూ ఉండరు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, ఏరేటర్ ఆగితే పరుగెత్తాల్సిందీ అప్పుడే. ఆ చీకట్లో, చేతులు తడిగా ఉండగా, సెల్‌ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని ప్యానెల్ డోరు లోపల వేలాడే బుక్‌లెట్ తిప్పుతాడు చెరువు కాపలా మనిషి. అక్కడ అక్షరం ముద్దుగా ఉందా లేదా అని ఎవరు చూస్తారు, చూడగానే తెలియాలి, అంతే.

యూనిట్ ఓనర్ గారు ఆ కార్డు చూసి ప్యాక్‌తో పాటు లేఅవుట్, ప్రింటింగ్ అన్నీ వాళ్లకే ఇచ్చారు. నాకు ప్రూఫ్ పీడీఎఫ్ (ప్రింటుకు ముందు సరిచూసే నమూనా) పంపారు, చదివాను, బాగుంది, ఓకే అన్నాను. ప్రింటయి వచ్చిన కట్టలు విప్పితే అది వేరే ఫాంటు! ప్రూఫ్‌లో ఒకటి చూపించి ప్రెస్‌లో ఇంకొకటి వేశారు. షాపాయనను అడిగితే "మా సిస్టంలో ఆ ఫాంటు లేదన్నా, దగ్గరగా ఉండేది పడింది, అర్థం అవతది గదా" అన్నాడు. పేజీలో ఏం మారిందో చెబితే గానీ ఆ "అర్థం అవతది" అన్న మాట ఎంత ప్రమాదమో తెలియదు.

మా ప్యానెల్ డిస్‌ప్లే మీద ఫాల్ట్ కోడ్లు పడతాయి. ఎఫ్ పక్కన ఒకటి అంకె పడితే ఒక ఫేజు పోయిందని, ఎఫ్ పక్కన ఎల్ పడితే వోల్టేజీ తక్కువని. బుక్‌లెట్ పట్టికలో ఆ ఎల్ చిన్నక్షరంలో ఉంది. ప్రూఫ్‌లోని ఫాంటులో చిన్న ఎల్‌కు అడుగున తోక ఉంది, ఒకటికి తలమీద కొక్కెం ఉంది, తేడా స్పష్టంగా తెలిసింది. ప్రింటులో మాత్రం రెండూ ఒకే నిలువు గీత. పైగా పెద్ద ఐ కూడా అదే గీత. విడవలూరు దగ్గర నుంచి ఒక రైతు ఫోన్ చేసి "అన్నా, ఒకే కోడు రెండు చోట్ల రాసుండారేందన్నా, ఒక చోటేమో ఫ్యూజు చూడమన్నారు, ఇంకో చోటేమో ఊరికే ఉండమన్నారు, యేది నమ్మేది?" అని అడిగాడు. ఆయన ప్రశ్నకు బుక్‌లెట్‌లో జవాబే లేదు. ఫేజు పోయినప్పుడు వోల్టేజీ వస్తుందిలే అని ఊరికే ఉంటే అక్కడ చెరువులో రొయ్యలు పోతాయి.

రెండోది ఇంకా దారుణం. పిన్ను కొట్టే బుక్‌లెట్‌లో పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి, 16 దాటితే 20 వేయాల్సిందే. ఆ ఒక్క కాగితం ఖర్చు మిగుల్చుకోవడానికి లైన్ల మధ్య ఖాళీ నొక్కేశాడు. ఇంగ్లిష్ అయితే కొంత నొక్కినా చెల్లుతుంది, మన అక్షరానికి కింద వత్తు, పైన గుడి ఉంటాయి కదా. పై వరుస వత్తులు వచ్చి కింది వరుస గుడులకు తగులుకున్నాయి. "న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపవద్దు" అన్న హెచ్చరికలో చివరి ద వత్తు కింది లైనులోని "మీటర్" గుడిదీర్ఘంలో కలిసిపోయింది. కలపమంటోందా వద్దంటోందా అని రాసిన నాకే ఆగి చూడాల్సి వచ్చింది. "న్యూట్రల్"లో ట కింద ఉండాల్సిన క్రావడి సగం తెగిపోయింది.

హెచ్చరికలన్నీ బోల్డ్‌లో ఉండాలని చెప్పాం. ఆ ఫాంటులో అసలు బోల్డే లేదు, ఒక్కటే మందం. అట్లాంటప్పుడు సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే ఉన్న అక్షరాన్నే అంచులు ఉబ్బించి బోల్డ్ అంటుంది. ద, ధ, థ ల తేడా అంతా ఒక చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది, ఉబ్బిస్తే అది పూడిపోతుంది. ప పైన తెరిచి ఉంటుంది, వ ఎడమపక్క మూసుకుని ఉంటుంది, చిన్న సైజులో ఉబ్బిస్తే అవి కూడా ఒకటే అయిపోతాయి. అంటే అన్నిటికన్నా బాగా కనపడాల్సిన లైన్లే అన్నిటికన్నా అలుక్కుపోయాయి.

ఇక ఆ "వందకు పైగా ఫాంట్ల" సంగతి. ప్యాక్ తెరిచి ఒక్కొక్క ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డిటైల్స్ చూశాను. ఏవేవో పెద్ద పెద్ద పేర్లు పెట్టారు గానీ కొన్నిటి కాపీరైట్ వరుసలో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అన్న మాట అట్లాగే ఉండిపోయింది, తుడవడం మర్చిపోయినట్టున్నారు. ఒకదాన్ని మండలి పక్కన పెట్టి చూస్తే అచ్చం మండలే. మండలి అంటే మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద సిలికానాంధ్ర వాళ్లు అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫాంటు, గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ప్రకారం అట్లాంటి ఫాంటును మన బుక్‌లెట్‌లో వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా, మార్చుకోనూ వచ్చు, సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మనూ వచ్చు. ఒట్టి ఫాంటును మాత్రమే అమ్మడం కుదరదు, ఎవరికి ఇచ్చినా లైసెన్స్ కాగితం దాంతో పాటు వెళ్లాలి. ఈయన ఆ కాగితం తీసేసి, పేరు మార్చి, డబ్బులు తీసుకున్నాడు. లైసెన్స్ కాపీ పంపమంటే "ఫాంటుకి లైసెన్స్ ఏందన్నా, అదేమన్నా బైకా?" అన్నాడు. మాట భలే అన్నాడు, నవ్వొచ్చింది కూడా. బిల్లు మాత్రం ఈ రోజుకీ రాలేదు.

మిగతా సగం ప్యాక్ పాత తరహా ఫాంట్లు. పేజ్‌మేకర్ అనే పాత లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ విడి స్థానాలిచ్చే ప్రమాణం) తెలియదు కాబట్టి మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి పెట్టిన ఫాంట్లవి. పెళ్లి పత్రికకు, కరపత్రానికి వాటితో ఏ ఇబ్బందీ లేదు, కొన్నిటి అందం ఇప్పటి ఫాంట్లకు రాదు కూడా. మాన్యువల్‌కు మాత్రం వద్దే వద్దు. పీడీఎఫ్‌లో "ఓవర్‌లోడ్" అని వెతికితే ఏమీ దొరకదు, ఒక పేరా కాపీ చేసి రైతుకు వాట్సాప్ చేద్దామంటే అవతల పిచ్చి పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి. రేపు రిలే మారిందని ఒక్క లైను సరిచేయాలంటే మళ్లీ అదే షాపుకు పోవాలి. బహుశా వాళ్లకు కావలసిందీ అదేనేమో.

యూనికోడ్‌లో అయినా అంతా దానంతటదే సరిగ్గా వస్తుందని అనుకోవద్దు. తెలుగుకు అక్కడ కేటాయించింది 128 స్థానాలు, వాటిలో వత్తులకు విడిగా చోటు లేదు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరసగా వస్తే ఫాంటు లోపలి నియమాలు, సాఫ్ట్‌వేర్ కలిసి వత్తు కట్టాలి. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు కట్టడం రాకపోతే "వద్దు" కాస్తా ద మీద పొల్లు, పక్కన దు అయి కూర్చుంటుంది. ఇన్‌డిజైన్ అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో చేసే వాళ్లయితే పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్ రెడీకి మార్చారా అని అడగండి, అది మార్చకపోతే ఎంత మంచి ఫాంటయినా విరిగిపోతుంది. ఇంకొకటి, "ట్రాన్స్‌ఫార్మర్" లాంటి మాటల్లో స్ తర్వాత కంటికి కనపడని ఒక క్యారెక్టర్ ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. నేను వర్డ్‌లో పెట్టి పంపినవన్నీ వాళ్లు ఏదో కన్వర్టర్‌లో వేసేసరికి ఎగిరిపోయాయి, స కింద ఫ వత్తు వేలాడుతూ వచ్చింది. చదివేవాళ్లకు అదేం మాటో అర్థం కాదు.

మరి ఏం వాడాలి అంటే, దీనికి డబ్బులు పెట్టాల్సిన అవసరమే లేదు. పేరాలకు నోటో సాన్స్ తెలుగు చాలు. సన్నం నుంచి బాగా మందం దాకా నిజమైన బరువులు (అక్షరాల మందాలు) ఉన్నాయి, బోల్డ్ ఉబ్బించింది కాదు, గీసింది. హింద్ గుంటూరులో అయిదు బరువులున్నాయి, పట్టికలకు బాగుంటుంది. అనెక్ తెలుగులో వెడల్పు కూడా తగ్గించుకోవచ్చు, ప్యానెల్ స్టిక్కర్ల లాంటి ఇరుకు చోట పనికొస్తుంది. మండలి కూడా పేరాలకు మంచిదే, కాకపోతే బోల్డ్ అడగకండి. గిడుగు, ధూర్జటి, రామభద్ర లాంటివి అట్ట మీద పేరుకు పెట్టుకోండి, లోపలికి తేవద్దు. కోడ్లకు, నంబర్లకు మాత్రం ఇంగ్లిష్ ఫాంటు విడిగా ఎంచుకోండి. చూపు తక్కువ ఉన్నవాళ్ల కోసం అమెరికాలో బ్రెయిలీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2019లో తెచ్చిన అట్కిన్‌సన్ హైపర్‌లెజిబుల్ ఉంది, ఉచితమే. ఐ, ఎల్, ఒకటి మూడూ మూడు రూపాల్లో ఉంటాయి, సున్నాకు అడ్డగీత ఉంటుంది కాబట్టి ఓ అక్షరంతో కలవదు. అందులో తెలుగు లేదు, దాంతో కోడ్లు మాత్రమే వేయండి. సైజు విషయంలో నా లెక్క తెలుగుకు 11 పాయింట్లకు తగ్గకూడదు, లైను ఖాళీ ఇంగ్లిష్‌కు ఇచ్చేదానికన్నా బాగా ఎక్కువ ఇవ్వాలి. పేజీలు పెరిగితే పెరగనీయండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు మీ సొంత మాటలతోనే ఒక పేజీ కొట్టించండి. షాపువాళ్లు చూపించే శాంపిల్‌లో ఎప్పుడూ అమ్మ, ఆవు లాంటి తేలిక మాటలే ఉంటాయి. మీరు "షార్ట్ సర్క్యూట్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్, ట్రాన్స్‌ఫార్మర్, కాంటాక్టర్, ముట్టుకోవద్దు" అని ఇచ్చి, వరసగా రెండు మూడు లైన్లలో వత్తుల కింద గుడులు పడేలా పెట్టించండి. అసలు వేసే కాగితం మీదే, అసలు సైజులోనే. ఆ పేజీని రాత్రి లైటు ఆపేసి ఫోన్ వెలుగులో, కళ్లజోడు వాడే ఇంటి పెద్దాయనతో చదివించండి. ప్రెస్‌కు పోయే పీడీఎఫ్ తెరిచి డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అన్న చోట ప్రతి పేరు పక్కన ఎంబెడెడ్ (ఫాంటు ఆ ఫైలులోనే కలిసి ఉందని అర్థం) అని ఉందో లేదో చూడండి. మా ఫైలులో ఆ మాట లేకపోబట్టే ప్రెస్ సిస్టం తన దగ్గరున్న ఫాంటు వేసేసింది. ఆ ప్రాపర్టీస్ పేజీకి ఒక స్క్రీన్‌షాట్ తీసి, ప్రూఫ్‌తో పాటు వాళ్లకే వాట్సాప్ చేసి పెట్టుకోండి, రేపు మాట మార్చడానికి ఉండదు.

ఫిర్యాదు సంగతి కూడా చెప్పాలి. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు నమోదు చేసుకుంటారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. కానీ 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నదైతే వినియోగదారుడి కింద లెక్కలోకి రాకపోవచ్చు, సొంత జీవనాధారం కోసం స్వయం ఉపాధిగా చేసుకునే వాళ్లకు మాత్రమే మినహాయింపు. మా ఓనర్ గారి యూనిట్ ఏ పక్కకు వస్తుందో వకీలుతో మాట్లాడుతున్నారు. అందుకే మీరు బిల్లు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, ఫాంట్ల పేర్లు, ప్రూఫ్‌లో ఉన్న ఫాంటే ప్రింటులో ఉంటుందన్న మాట ఆ బిల్లు మీదే రాయించుకోండి.

ప్రస్తుతానికి షాపాయన "ఈసారి ఆర్డర్‌లో తగ్గించి ఇస్తాలే అన్నా" అంటున్నాడు, డబ్బు వెనక్కివ్వనంటున్నాడు. ముందు చేయాల్సింది చేశాం, కోడ్ల పట్టిక వరకు పెద్దక్షరాలతో స్టిక్కర్లు వేయించి ఇప్పటికే వెళ్లిన ప్యానెళ్ల డోర్లకు అంటిస్తున్నాం. ఈ ప్యాక్ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఫైళ్ల డిటైల్స్‌లో కాపీరైట్ వరుసలో ఏముందో చూసి నాకు రాయండి, ఒంగోలు వైపు కూడా ఇదే ప్యాక్ వేరే పేరుతో తిరుగుతోందని విన్నాను, రెండూ ఒకటేనా కాదా పోల్చి చూస్తాను.