కొత్త ఖాకీయా, ఉన్న ఖాకీ మీద కాపలాయా: లంచం పోవాలంటే ఏది మేలు?

లంచాలు మితిమీరి జనం గోల పెట్టినప్పుడల్లా ప్రభుత్వాలకు ముందుగా తోచే మందు కొత్త పోలీసు బలగం. కొత్త పేరు, కొత్త యూనిఫాం, వరసగా నిలబెట్టిన కొత్త బండ్లు, జెండా ఊపే మంత్రి. జనానికి మాత్రం అంత తొందరగా నమ్మకం కుదరదు. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతా ఈ మాట ఎత్తితే, పక్కనున్న ఆటో అన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు: "బోర్డు మారస్తారు సామీ. దాని కింద కూర్చునేది మళ్లా వాళ్లే కదా!"

ఈ అనుమానం మనకు ఊరికే రాలేదు. 2020 మే నెలలో మన ఆంధ్రప్రదేశ్‌లో మద్యం, ఇసుక అక్రమాల మీద స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టారు. జనం నోట్లో అది 'సెబ్'. ఒకపక్క తమిళనాడు, ఇంకోపక్క కర్ణాటక ఉన్న చిత్తూరు జిల్లాలో దానికి పనికి కొదవ లేదు. కర్ణాటక మద్యం టెట్రా ప్యాకెట్లు పట్టుకున్నారన్న వార్త లేని వారం తక్కువ. కానీ అందులోకి వచ్చినవాళ్లు ఎక్కువగా ఎక్సైజ్ వాళ్లూ పోలీసులే. 2024లో ప్రభుత్వం మారింది, సెబ్ రద్దయింది, సిబ్బంది ఎక్సైజ్‌కు తిరిగి వెళ్లారు. కొత్త సీసాలో పాత సారా అనడానికి ఇంతకంటే అచ్చమైన ఉదాహరణ దొరకదు, అదీ సారా శాఖలోనే!

అయితే బోర్డుతో పాటు మనుషుల్ని కూడా నిజంగానే మార్చేస్తే? రష్యా పక్కనున్న చిన్న దేశం జార్జియా ఆ పని చేసింది. 2003 నవంబరులో అక్కడ జనం వీధుల్లోకి వచ్చి ప్రభుత్వాన్ని దించేశారు. మరుసటి ఏడాది కొత్త అధ్యక్షుడు సాకాష్విలీ ట్రాఫిక్ పోలీసు విభాగాన్ని మొత్తంగా ఎత్తేశాడు. దాదాపు 16,000 మంది ఇంటికి పోయారు. కొత్తవాళ్లను తీసుకుని గస్తీ పోలీసు విభాగం పెట్టారు, జీతాలు అనేక రెట్లు పెంచారు, లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదికి కనిపించేలా అద్దాల గోడలతో స్టేషన్లు కట్టారు. దారిలో బండి ఆపి చెయ్యి చాపడం చాలావరకు ఆగిపోయింది. పాత పోలీసు జీతం ఇల్లు గడవడానికి చాలేది కాదు, పైడబ్బు మీద బతకాల్సిందే. జీతం పెంచడంతో ఆ సాకు పోయింది.

ఇక్కడిదాకా వినడానికి బాగుంటుంది. జార్జియాను మెచ్చుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆపేస్తారు. 2012 సెప్టెంబరులో అక్కడి జైళ్లలో ఖైదీలను చిత్రహింసలు పెడుతున్న వీడియోలు బయటికొచ్చాయి. మరుసటి నెల ఎన్నికల్లో సాకాష్విలీ పార్టీ ఓడిపోయింది. రోడ్డు మీద పది రూపాయలు అడగని రాజ్యమే నాలుగు గోడల మధ్య ఏం చేస్తోందో చూసే కన్ను లేకపోయింది. లంచం తగ్గడం వేరు, అధికారానికి పగ్గం ఉండటం వేరు. పైగా అది మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకంటే తక్కువ జనాభా ఉన్న దేశం. అక్కడ ఒక్క సంతకంతో అయినది ఇక్కడ కోర్టులు, స్టేలు, ఉద్యోగ సంఘాలు దాటుకుని రావాలి.

మెక్సికో కథ పొట్టిగానే చెప్పుకోవచ్చు, ఎందుకంటే ఒకటే కథ మళ్లీ మళ్లీ జరిగింది. 2009లో ఫెడరల్ పోలీసు, 2014లో జెండార్మరీ అనే సైనిక తరహా పోలీసు, 2019లో పాతవాటిని పక్కనబెట్టి నేషనల్ గార్డ్. ఫెడరల్ పోలీసును నిలబెట్టిన భద్రతా మంత్రి గార్సియా లూనా మాదకద్రవ్యాల ముఠా దగ్గర డబ్బు తీసుకున్నాడని 2023లో న్యూయార్క్ కోర్టులో రుజువైంది, ఆ పై ఏడాది 38 ఏళ్లకు పైగా శిక్ష పడింది. నేషనల్ గార్డ్ పౌర అధికారుల కిందే ఉంటుందని రాజ్యాంగంలో రాసుకున్నారు. 2022లో సైన్యం చేతికివ్వబోతే 2023లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024లో రాజ్యాంగాన్నే సవరించి రక్షణ శాఖకు అప్పగించారు. అక్కడి జనం నమ్మలేదంటే తప్పు జనానిదా?

నాకు నచ్చిన దారి మూడోది. అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్‌లో 1973లో గోడ్‌బర్ అనే పెద్ద పోలీసు అధికారి, లెక్క చెప్పలేని ఆస్తి మీద విచారణ నడుస్తుండగానే విమానమెక్కి ఇంగ్లండు పారిపోయాడు. జనం రోడ్డెక్కారు. అప్పుడు వాళ్లు కొత్త పోలీసును పెట్టలేదు. అప్పటిదాకా పోలీసు శాఖలోనే ఉన్న అవినీతి విచారణ పనిని బయటికి తీసి, 1974 ఫిబ్రవరిలో గవర్నరుకే నేరుగా జవాబు చెప్పే స్వతంత్ర కమిషన్‌కు ఇచ్చారు. పోలీసు కమిషనరుకు దాని మీద పెత్తనం లేదు. గోడ్‌బర్‌ను 1975లో వెనక్కి రప్పించి జైల్లో పెట్టారు. మొదట్లో ఫిర్యాదులు ఎక్కువగా ఆకాశరామన్న ఉత్తరాలే. పోనుపోను జనం సొంత పేర్లతో రావడం మొదలైంది. వ్యవస్థ మీద నమ్మకం కుదిరిందా లేదా అన్నదానికి నా లెక్కలో ఇంతకంటే మంచి గుర్తు లేదు.

అదీ సాఫీగా ఏం జరగలేదు. 1977లో కోపంతో రగిలిపోయిన పోలీసులే ఆ కమిషన్ ఆఫీసు మీద పడ్డారు. గవర్నరు వెనక్కి తగ్గి, ఆ ఏడాది జనవరికి ముందు జరిగిన తప్పుల్ని చాలావరకు వదిలేయాల్సి వచ్చింది. నా మట్టుకు అది ఇవ్వదగ్గ మూల్యమే.

మనకు ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ, ఉంది కదా అంటారు. ఉంది, పనీ చేస్తుంది. లంచం తీసుకునేవాణ్ని పట్టే ట్రాప్ ఎట్లా వేస్తారో విన్నవాళ్లకు తెలుసు. నోట్ల నంబర్లు రాసుకుంటారు, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు, సాక్ష్యానికి వేరే శాఖ ఉద్యోగుల్ని కూర్చోబెడతారు. డబ్బు జేబులో పడగానే వచ్చి చేతులు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచమంటారు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే పెద్దసారు మొహం తెల్లబోతుంది. చిక్కు అంతకుముందే ఉంది. ఆ నోట్లు సాధారణంగా ఫిర్యాదుదారే తెచ్చుకోవాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చుంటే 7 రోజుల్లోపు చెప్పుకోవాలి. ఇదంతా తెలిసినవాడు మనలో ఎంతమంది? ఇంకోటి, పోలీసును పట్టాల్సిన ఏసీబీ అధికారుల్లో చాలామంది పోలీసు శాఖ నుంచే డిప్యుటేషన్ మీద వస్తారు, మళ్లీ ఆ శాఖకే పోతారు. రేపు ఎవరి కింద పనిచేయాల్సి వస్తుందో తెలిసినవాడు ఈరోజు ఎంత గట్టిగా పట్టుకుంటాడు?

కేంద్రం నుంచి పోలీసు వస్తే బాగుపడుతుందన్న మాట కూడా తిరుపతిలో తరచూ వినిపిస్తుంది. రాజ్యాంగం ప్రకారం పోలీసు రాష్ట్రాల పని. కోర్టు ఆదేశిస్తే తప్ప, సీబీఐ రావాలన్నా రాష్ట్రం ఒప్పుకోవాలి. మన రాష్ట్రం ఆ అనుమతిని 2018లో ఉపసంహరించి, ప్రభుత్వం మారాక 2019లో తిరిగి ఇచ్చింది. అదే సీబీఐని 2013లో సుప్రీంకోర్టు పంజరంలో చిలుక అంది. శ్రీవారి లడ్డూ నెయ్యి కల్తీ ఆరోపణల వ్యవహారంలో 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు వేసిన సిట్‌ను, అంటే ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని, చూడండి: సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార భద్రతా సంస్థ నుంచి ఒకరు. ఒక పక్షానికి వీళ్ల మీద నమ్మకం లేదు, ఇంకో పక్షానికి వాళ్ల మీద లేదు. కోర్టు అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది.

కాబట్టి నా వరుసలో మొదటిది హాంకాంగ్ దారి: సొంత సిబ్బంది, సొంత బదిలీలు, పోలీసు శాఖతో పేగుబంధం లేని కాపలా. అది ముందు నిలబడితే ఆ తర్వాత జార్జియాలా కొత్తవాళ్లను తీసుకుని మంచి జీతమిస్తే ఫలితం ఉంటుంది. కాపలా లేకుండా తుపాకీ ఇచ్చి పంపే ప్రత్యేక బలగం అన్నింటికంటే చివరిది. ఎర్రచందనం కోసం మనకూ ఒక టాస్క్‌ఫోర్స్ ఉంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది తమిళనాడు కూలీలు కాల్పుల్లో చనిపోయారు. పోలీసులు ఆత్మరక్షణ అన్నారు, హక్కుల సంఘాలు బూటకపు ఎన్‌కౌంటర్ అన్నాయి. చనిపోయినవాళ్లు గొడ్డలి పట్టినవాళ్లు. దుంగల్ని కొనేవాళ్లు ఒక్కరూ వాళ్లలో లేరు.