నడుముకు కట్టుకునే మైకు: మా తొమ్మిదో తరగతిలో మూడు నెలలు

కడపలో హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్తాను. గదిలో 58 మంది, పైన గరగరలాడే ఫ్యాన్లు. సాయంత్రానికి నా గొంతు పూర్తిగా పోయేది. ఏడురోడ్ల దగ్గర 1,400 రూపాయలు పెట్టి ఈ మైకు కొన్నా: స్పీకరు నడుముకు, మైకు తలకు. ఆఖరి బెంచీ దాకా మాట స్పష్టంగా వినిపిస్తుంది.

మొదటిరోజే వెనక నుంచి ఒకడు, “సార్, ఎర్రగడ్డల బండి వచ్చిందనుకున్నా!” అన్నాడు. క్లాసంతా నవ్వు, నాకూ ఆగలేదు.

బోర్డుకు మరీ దగ్గరగా తిరిగితే కీచుమంటుంది. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం గోడకు తగిలి మళ్లీ మైకులోకే పోయి పెరుగుతుంది మరి. ధ్వని పాఠం అక్కడే మొదలుపెట్టా, పుస్తకం తెరవకుండానే. ఒక్కరూ కదల్లేదు!

తలపట్టీ మాత్రం బిగువు, చెవి వెనక ఒరుసుకుంటుంది. ఛార్జింగు మూడు పీరియడ్లకే అయిపోతుంది. అయినా ఇంటికెళ్లి మా పాపకు కథ చెప్పేంత గొంతు మిగులుతోంది.